మా ఇంటి ముందు మా నాన్నకు బేడీలు: ఆ వీడియో తెప్పించుకున్న కథ

మా నాన్నకు బేడీలు వేసిన వీడియో నా ల్యాప్‌టాప్‌లో ఉంది. పోలీసు ఛాతీ మీద ఉండే కెమెరా తీసిన వీడియో అది. అడిగితే ఇస్తారని ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళకి అడగాలంటే భయం. నాకూ ఉండేది. ఏం చేశానో, ఏం తెలిసిందో వరసగా రాస్తాను. ఊరి పేరు చెప్పను. డాలస్‌కి ఉత్తరాన, వీధికి నాలుగైదు తెలుగు ఇళ్ళుండే సబర్బ్‌లలో ఒకటి అనుకోండి చాలు.

నాన్నది నరసరావుపేట దగ్గర పల్లె. పొలం కౌలుకిచ్చి, అమ్మతో కలిసి విజిటర్ వీసా మీద వచ్చారు. జనవరిలో ఇక్కడ రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. కరివేపాకు కుండీలు గరాజ్‌లో పెట్టి, ఎండ కాసిన రోజు బయటికి మోయడం ఇక్కడ ప్రతి తెలుగింట్లో జరిగేదే. నాన్న వచ్చాక ఆ పని ఆయనే తీసుకున్నారు. ఆ రోజు కుండీలు పెరట్లోకి చేర్చి, ఇంటి ముందున్న గులాబీ పాదులు గుల్లచేద్దామని వచ్చారు. మళ్ళీ పెరట్లోకి వెళ్ళబోతే చెక్క గేటు మూసుకుపోయి ఉంది. గొళ్ళెం లోపలి వైపుంటుంది. పైనుంచి చెయ్యి పెట్టి దాన్ని లాగుతున్నారు. లుంగీ, దాని మీద మా ఆయన పాత హుడీ, తలకి మంకీ క్యాప్, చేతిలో మట్టి తవ్వే చిన్న పార.

నేను మేడ మీద ఆఫీసు కాల్‌లో ఉన్నాను. "అమ్మాయ్, పోలీసులే, నాన్నని పట్టుకున్నారే" అని అమ్మ అరిచిన అరుపుకి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే కిందకి పరిగెత్తాను. అప్పటికే నాన్న డ్రైవ్‌వే అంచున కూర్చుని ఉన్నారు. చేతులు వెనక్కి. నన్ను చూసి లేవబోయారు. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు ఒక ఆఫీసర్. రెండో ఆయన నన్ను దూరంగా ఉండమన్నాడు.

"ఈయన మీకు తెలుసా?"

"మా నాన్న."

"ఇక్కడే ఉంటాడా?"

ఇది మా ఇల్లని నేను రుజువు చేసుకోవాలి. నా లైసెన్స్ మీద ఇంటి అడ్రస్ ఉంది కాబట్టి అది తేలిపోయింది. నాన్న విషయం తేలలేదు. ఆయన పాస్‌పోర్ట్‌లో మా పుట్టింటి ఇంటిపేరు. నా లైసెన్స్‌లో మా ఆయన ఇంటిపేరు. తండ్రీకూతుళ్ళయితే ఇంటిపేర్లు వేరెందుకున్నాయని ఆయన అడుగుతుంటే, చలికి కాదు, కోపానికి నా పళ్ళు కటకటలాడాయి. అమ్మ లోపలికెళ్ళి మా పెళ్ళి ఫోటో గోడమీంచి పీకి తెచ్చింది. దాన్ని చూసి ఆఫీసర్ కాస్త నవ్వాడు. బేడీలు తీశారు. కాల్ వచ్చింది, చూడాలి కదా, అసౌకర్యానికి సారీ అన్నారు. వెళ్ళబోతుంటే ఇన్సిడెంట్ నంబర్ ఇమ్మని అడిగాను. కార్డు వెనక రాసిచ్చాడు. ఆ నంబరే తర్వాత అన్నిటికీ ఆధారమైంది. మీకెప్పుడైనా ఇలాంటిది జరిగితే ఇంకేం అడక్కపోయినా అది అడగండి.

"నేనేం చేశానంట?" అన్నారు నాన్న లోపలికి వచ్చాక. ఎన్నిసార్లు చెప్పినా అదే ప్రశ్న. డెబ్బై ఏళ్ళొచ్చినా పోలీస్ స్టేషన్ గడప తొక్కని మనిషి. గట్టు తగాదాలకి కూడా పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళాడే తప్ప స్టేషన్‌కి పోలేదు. "ఊళ్ళో ఎవరికీ చెప్పబాక" అని అమ్మకి గట్టిగా చెప్పారు.

మా ఆయన ఆ వారం ఊళ్ళో లేరు. ఫోన్‌లో వినగానే టెన్షన్ పడ్డారు. ఏం చేద్దామంటే మాత్రం "వదిలెయ్" అన్నారు. మాకింకా గ్రీన్ కార్డ్ రాలేదు. పోలీసుల మీద కంప్లైంట్ చేస్తే రేపు ఎక్కడ ఏం అడ్డం తిరుగుతుందో అని ఆయన భయం. ఈ భయం తెలియని తెలుగిల్లు ఇక్కడ లేదు కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. ఆయన మనసు మార్చింది ఇంకో భయం. విజిటర్ వీసా దరఖాస్తులో, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్ట్ చేశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. రేపు వీసా రెన్యువల్‌కి నాన్న ఏం రాయాలి? బేడీలు వేస్తే అరెస్ట్ అయినట్టా కాదా? మా ఇమిగ్రేషన్ లాయర్ చెప్పిందేమంటే, కాసేపు ఆపి ప్రశ్నించి వదిలేయడం వేరు, అరెస్ట్ వేరు, బేడీలు పడ్డంత మాత్రాన అరెస్ట్ అయిపోదు, అయినా కాగితం చేతిలో ఉంచుకోండి అని. రికార్డులు అడగడం వల్ల గ్రీన్ కార్డుకి ఏమీ కాదని కూడా ఆయనే చెప్పారు. అలా మొదలైంది.

టెక్సాస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ అని ఉంది. మన సమాచార హక్కు చట్టం లాంటిదే. రాతపూర్వకంగా అడగాలి, ఈమెయిల్ చాలు. ఎందుకు కావాలి అని వాళ్ళు అడగకూడదు. ఇవ్వదలుచుకోకపోతే వాళ్ళంతట వాళ్ళు కాదనడానికి లేదు, మామూలుగా పది పనిదినాల్లో రాష్ట్ర అటార్నీ జనరల్‌కి రాసి అనుమతి తెచ్చుకోవాలి. ఖర్చు 40 డాలర్లు దాటేట్టుంటే ముందే అంచనా పంపాలి. బాడీ కెమెరా వీడియోకి మాత్రం విడి చట్టం ఉంది. తేదీ, సుమారు సమయం, కచ్చితమైన చోటు, అందులో ఉన్నవాళ్ళలో ఒకరి పేరైనా ఇవ్వాలి. "మా ఇంటి దగ్గర జరిగిన దాని వీడియో" అని గాలికి రాస్తే తిప్పి పంపుతారు. పైగా ఆ వీడియోల్ని కనీసం 90 రోజులు ఉంచితే చాలు. మనవాళ్ళు మంచిచెడ్డలు ఆలోచించుకుని తేరుకునేలోపు అది చెరిగిపోయినా అడిగే దిక్కు లేదు. అందుకే మిగతా ఏ నిర్ణయం తీసుకోకముందే అర్జీ పెట్టేయమంటాను.

నేను మూడు అడిగాను. పోలీసులకి వెళ్ళిన ఫోన్ కాల్ ఆడియో, ఆ కాల్ విని పోలీసుల్ని పంపే డిస్పాచర్ టైప్ చేసిన నోట్స్, ఇద్దరు ఆఫీసర్ల వీడియోలు. వీడియోలకి ఒక్కో రికార్డింగ్‌కి 10 డాలర్లు, నిమిషానికో డాలర్ చొప్పున తీసుకున్నారు. రెండో ఆయన కెమెరాలో మా గుమ్మం లోపల హాల్లో అమ్మ పాస్‌పోర్ట్ వెతకడం కూడా పడింది. ఇంటి లోపల, అంటే సొంత చోట తీసిన భాగం ఇవ్వాలంటే అందులో ఉన్న మనిషి సంతకం పెట్టి ఒప్పుకోవాలి. అమ్మానాన్నలిద్దరి సంతకాలూ పంపాను. ఇద్దరివీ తెలుగు సంతకాలు. రికార్డ్స్ క్లర్క్ ఫోన్ చేసి ఇవి సంతకాలేనా అని అడిగింది. పాస్‌పోర్ట్ కాపీలో అవే సంతకాలు చూపించాక సరేనంది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. ఈ మొత్తం వ్యవహారంలో నాతో సాయంగా మాట్లాడింది ఆవిడొక్కతే.

నోట్స్, ఆడియో త్వరగానే వచ్చాయి. వీడియోల మీద మాత్రం సిటీ వాళ్ళు అటార్నీ జనరల్‌కి రాశారు. కేసేమీ కాలేదు, శిక్ష పడలేదు కాబట్టి ఇవ్వనక్కర్లేదని వాదన. అలా రాసినప్పుడు మనకీ ఒక కాపీ వస్తుంది, మనమూ మన మాట రాసి పంపొచ్చు. ఒక పేజీ రాశాను. ఆ ఆఫీసు తీర్పు చెప్పడానికి 45 పనిదినాల దాకా గడువు. ఈలోగా అమ్మానాన్నలు ఇండియా వెళ్ళిపోయారు. చివరికి ఇవ్వమనే వచ్చింది.

ఆ నోట్స్ ఒక పేజీ కూడా లేవు. అన్నీ పొడి అక్షరాలు. నల్లజాతి పురుషుడు. ముఖానికి మాస్క్. ఇంటి పక్క గేటు బలవంతంగా తెరుస్తున్నాడు. చేతిలో వస్తువు, ఆయుధమో కాదో తెలియదు. ఆ కారులో వస్తున్న ఇద్దరికీ మా నాన్న గురించి తెలిసింది అంతే. నేను ఆ స్థానంలో ఉంటే ఎలా వచ్చేదాన్నో అని ఆలోచించాను. నడుం మీది తుపాకీ దగ్గర చెయ్యి పెట్టుకునే వచ్చేదాన్నేమో.

తర్వాత ఆడియో విన్నాను. కాల్ చేసినవాళ్ళ నంబర్, అడ్రస్ తీసేసి ఇస్తారు. గొంతు తీసెయ్యరు. ఆడ గొంతు. నాన్ ఎమర్జెన్సీ లైన్‌కే, అంటే 911కి కాకుండా మామూలు పోలీసు నంబర్‌కే చేసింది, కంగారేమీ లేదు. ఎదురింటి పక్క గేటు దగ్గర ఎవరో ఉన్నారు, గేటు లాగుతున్నారు అంది. ఎలా ఉన్నాడు అని డిస్పాచర్ అడిగింది. సన్నగా, డార్క్‌గా ఉన్నాడు, తలా చెవులూ కప్పేసే క్యాప్ పెట్టుకున్నాడు అంది. అప్పుడు డిస్పాచర్ ఒక ప్రశ్న వేసింది: వైట్, బ్లాక్, హిస్పానిక్?

ఆ మూడింట్లో మా నాన్న లేరు. కాల్ చేసినామె ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "బ్లాక్. బ్లాక్ ఓన్లీ." చేతిలో ఏమైనా ఉందా? "సంథింగ్ ఈజ్ దేర్, నాకు కనపడ్డంలేదు" అన్న అర్థం వచ్చేలా ఏదో ఇంగ్లిష్‌లో చెప్పింది. ఇంకో మాట కూడా అంది: ఇక్కడ అన్నీ ఫ్యామిలీసే ఉంటాయి, ఇలాంటివాళ్ళు ఉండరు. డిస్పాచర్ ఆఫీసర్‌ని పంపుతున్నామని చెప్పగానే, "ఓకే అండీ, థాంక్యూ" అని పెట్టేసింది.

అండీ.

హెడ్‌ఫోన్స్ తీసి మళ్ళీ పెట్టుకుని విన్నాను. మా వీధిలో గేటు కనబడేంత దగ్గరగా తెలుగు ఇళ్ళు ఒకటికి మించే ఉన్నాయి. సంక్రాంతికి మా ఇంటికి బొమ్మల కొలువు పేరంటానికి వచ్చినవాళ్ళు, అమ్మ చేతి అరిసెలు తిన్నవాళ్ళు. వాళ్ళలో ఎవరో తెలుసుకోవాలని ముందు చాలా అనిపించింది. ప్రతి అక్క గొంతునీ ఆ ఆడియోతో పోల్చుకుంటూ కొన్నాళ్ళు గడిపాను. మా ఆయనే గట్టిగా ఆపారు. తెలిస్తే ఏం చేస్తావు అన్నారు. నిజమే, ఏం చేస్తాను? నాన్నని ఆమె అంతకుముందు ఎండలో బనీనుతోనో పంచెతోనో చూసి ఉంటే "ఫలానావాళ్ళ నాన్నగారు" అనుకునేది. హుడీలో చూసింది కాబట్టి ఇంకెవరో అనుకుంది.

కాల్‌లో చెప్పిన మాటకీ పోలీసు చేరేసరికి మిగిలిన మాటకీ తేడా ఉంటుందని అప్పుడే అర్థమైంది. "క్యాప్" అన్నది "మాస్క్" అయింది. "కనపడ్డంలేదు" అన్నది "ఆయుధమో కాదో" అయింది. 2009లో హార్వర్డ్‌లో పనిచేసే నల్లజాతి ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ చైనా నుంచి తిరిగొచ్చి, కేంబ్రిడ్జ్‌లో తన ఇంటి తలుపు బిగుసుకుపోతే డ్రైవర్ సాయంతో నెట్టి తెరుచుకున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దొంగతనమేమోనని ఒకామె ఫోన్ చేసింది. పోలీసులొచ్చారు, మాటా మాటా పెరిగింది, ఆయన్ని ఆయన ఇంటి దగ్గరే అరెస్ట్ చేశారు. ఆ కాల్ చేసినామెని దేశమంతా తిట్టింది. పోలీసు రిపోర్టులో ఇద్దరు నల్లవాళ్ళని చెప్పినట్టు ఉంది. తీరా ఆడియో బయటపెడితే, ఆమె తనంతట తానుగా రంగు మాటే ఎత్తలేదు. అడిగినప్పుడు కూడా ఒకరు హిస్పానిక్‌లా ఉన్నారేమో అంది. సూట్‌కేసులున్నాయి, ఇక్కడ ఉండేవాళ్ళే కావచ్చని కూడా చెప్పింది. ఆయన మీద కేసు వారంలోపే ఎత్తేశారు. ఒబామా ఆ ప్రొఫెసర్‌నీ అరెస్ట్ చేసిన సార్జెంట్‌నీ వైట్‌హౌస్‌కి పిలిచి బీరు తాగించాడు. ఆడియో బయటికి రాకపోయుంటే ఆ ఫోన్ చేసినామె జీవితాంతం మాట పడేది. మా ఆడియో ఉల్టా. మాకు తెల్లవాళ్ళెవరో చేశారని అనుకుంటూ వచ్చాం. అమ్మయితే ఎదురింటి తెల్ల ముసలాయన పలకరిస్తే మొహం తిప్పుకునేది. ఆయన చేసిందేమీ లేదు పాపం.

జరిగినప్పుడు మా కమ్యూనిటీ తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో నేనేమీ పెట్టలేదు, ఎలాగో పాకింది. "అంకుల్‌ని చూసి నల్లవాళ్ళనుకున్నారా, ఎంత ఘోరం!" "మన పేరెంట్స్‌ని వాళ్ళతో పోలుస్తారా?" "మంకీ క్యాప్స్ పెట్టొద్దని చెప్పండి అందరూ." ఓదార్పుగా రాసినవే ఇవన్నీ. చదివినకొద్దీ నాకు ఒళ్ళు మండింది. అంటే నిజంగానే నల్లజాతి మనిషి తన ఇంటి గేటు తెరుచుకుంటుంటే బేడీలు వెయ్యడం సబబేనా? పొరపాటు మనిషిని పట్టుకోవడమే తప్పా? ఇదే అడిగాను గ్రూప్‌లో. ఒకరిద్దరు బొటనవేలు పెట్టారు. ఒకావిడ టాపిక్ మార్చి సండేకి గోంగూర మటన్ ఆర్డర్లు మొదలుపెట్టింది. పెళ్ళిచూపుల్లో నా రంగు గురించి మా అత్తగారి వైపు ఒక పెద్దావిడ అన్నమాట నాకింకా గుర్తుంది, ఆవిడా ఈ గ్రూప్ మనస్తత్వమే. ఇది ఈ దేశం వచ్చాక నేర్చుకున్నది కాదు మనం.

మా ఊళ్ళో జరిగింది చిన్నది. అది నాకు తెలుసు. ఇదే డాలస్‌లో 2018 సెప్టెంబర్ 6న బోథమ్ జీన్ అనే 26 ఏళ్ళ నల్లజాతి అకౌంటెంట్ తన అపార్ట్‌మెంట్‌లో ఐస్‌క్రీమ్ తింటూ కూర్చున్నాడు. కింది అంతస్తులో ఉండే పోలీసు ఆఫీసర్ ఆంబర్ గైగర్ డ్యూటీ దిగి వచ్చి, అది తన ఫ్లాటే అనుకుని లోపలికి వచ్చి, దొంగనుకుని కాల్చేసింది. తన ఇంట్లో తను కూర్చున్న మనిషి. ఆమెకి 2019 అక్టోబర్‌లో పదేళ్ళ జైలుశిక్ష పడింది. ఆ తీర్పు వచ్చి రెండు వారాలు కాకముందే, పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో అటాటియానా జెఫర్సన్ అనే నల్లజాతి అమ్మాయి. రాత్రి రెండున్నర ప్రాంతంలో ఆ ఇంటి తలుపులు తెరిచి ఉన్నాయని పొరుగాయన బాధ్యతగా నాన్ ఎమర్జెన్సీ లైన్‌కి ఫోన్ చేశాడు. ఆమె ఎనిమిదేళ్ళ మేనల్లుడితో వీడియో గేమ్ ఆడుతోంది. వచ్చిన ఆఫీసర్ పెరటి వైపు నుంచి, తను పోలీసునని కూడా చెప్పకుండా, కిటికీలోంచి కాల్చాడు. ఆమెకి 28 ఏళ్ళు. ఆరన్ డీన్ అనే ఆ ఆఫీసర్‌కి 2022 డిసెంబర్‌లో సుమారు పన్నెండేళ్ళ శిక్ష వేశారు. ఈ రెండూ మేం కాస్ట్‌కోకి వెళ్ళినంత మామూలుగా వెళ్ళొచ్చే ఊళ్ళలో జరిగినవి. అప్పుడు మా గ్రూప్‌లో ఒక్క మాట లేదు. నేనూ చూసి స్క్రోల్ చేసినదాన్నే.

మనకి కాస్త దగ్గరగా వచ్చింది అలబామాలోని మాడిసన్‌లో. 2015 ఫిబ్రవరిలో. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ సురేశ్‌భాయ్ పటేల్ కొడుకింటి వీధిలో వాకింగ్ చేస్తున్నారు. సన్నటి నల్లవాడెవడో ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాడని ఒకరు ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. "నో ఇంగ్లిష్, ఇండియన్" అన్నారు. ఎరిక్ పార్కర్ అనే ఆఫీసర్ ఆయన చేతులు వెనక్కి పట్టుకుని నేలకేసి కొట్టాడు. మెడ వెన్నెముక దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. గవర్నర్ ఇండియన్ కాన్సులేట్‌కి క్షమాపణ చెప్పాడు. ఆఫీసర్ మీద ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఎటూ తేల్చలేదు. 2016 జనవరిలో జడ్జి నిర్దోషిగా వదిలేశారు. సివిల్ దావా 2021లో 17 లక్షల 50 వేల డాలర్లకి రాజీ అయింది. మా వీడియో చూసే ముందు నేను ఆ కేసు గురించే చదువుతూ కూర్చున్నాను. చదవకుండా ఉండాల్సింది.

ఇక మా వీడియో. మొదటి కొన్ని సెకన్లు శబ్దం ఉండదు. బటన్ నొక్కకముందు కెమెరా దాచుకున్న బొమ్మ అది. మా వీధి, మా మెయిల్‌బాక్స్, నాన్న వీపు. తర్వాత ఒక్కసారిగా కేకలు. చేతులు చూపించు, అది పడెయ్. నాన్న తిరిగి చూస్తారు. ఆయనకి అర్థమైంది చేతులు అన్న సైగ ఒక్కటే. చేతులు ఎత్తుతారు, ఆ పారతో సహా. అక్కడ వీడియో ఆపేశాను. తర్వాతేం జరిగిందో తెలిసినా ఆపేశాను. మళ్ళీ పెడితే, "డాటర్, డాటర్ హౌస్" అంటున్నారు నాన్న. స్పష్టంగానే వినబడుతోంది. ఆఫీసర్ పట్టించుకోలేదో, అర్థం కాలేదో. పార కిందపడింది. మణికట్టు పట్టి తిప్పి బేడీలు వేశారు, ఒళ్ళంతా తడిమారు. నాన్న "ఏంది సార్, ఏంది సార్" అంటూనే ఉన్నారు. సార్ అనడం మానలేదు.

ఒక సంగతి మాత్రం ఆఫీసర్‌కి అనుకూలంగా చెప్పాలి. నాన్నని నేలకేసి కొట్టలేదు. కూర్చోబెట్టేటప్పుడు తల వెనక చెయ్యి అడ్డం పెట్టాడు. తుపాకీ తియ్యలేదు. అయితే ఇద్దరిలో ఒక్కరు కూడా తలుపు కొట్టలేదు. బెల్ అక్కడికి పదడుగుల దూరం. లోపల ఎవరైనా ఉన్నారా అని అడగాలన్న ఆలోచనే రాలేదు వాళ్ళకి. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి బయటికి రాకపోతే నాన్నని కారులో ఎక్కించేవాళ్ళేమో.

కంప్లైంట్ రాతలో, సంతకంతో ఉండాలి, టెక్సాస్ చట్టం ప్రకారం. దాని కాపీ ఆ ఆఫీసర్‌కి ఇస్తారు. అంటే మన పేరు ఆయనకి తెలుస్తుంది. ఆ మాట విని మా ఆయన మళ్ళీ వెనక్కి తగ్గారు. నేను రెండు విషయాల మీదే రాశాను. ఒకటి, తలుపు ఎందుకు కొట్టలేదు. రెండు, ఫోన్‌లో అనువాదకుల్ని కలిపే లైన్ అందుబాటులో ఉండగా ఎందుకు వాడలేదు. ఫెడరల్ డబ్బు తీసుకునే పోలీసు శాఖలు ఇంగ్లిష్ రానివాళ్ళకి అర్థమయ్యేలా చెయ్యాలనేది 1964 పౌరహక్కుల చట్టం కింద ఏళ్ళుగా చెబుతూ వచ్చిన బాధ్యత. రంగు గురించి రాయలేదు. ఎందుకంటే ఆ మాట పుట్టింది ఆఫీసర్ నోట్లో కాదు, ఫోన్‌లో.

ఇంటర్నల్ అఫైర్స్ నుంచి, అంటే పోలీసుల మీద ఫిర్యాదులు చూసే విభాగం నుంచి, ఒక సార్జెంట్ నాతో మాట్లాడాడు. నాన్నతో కూడా వీడియో కాల్‌లో, తెలుగు అనువాదకురాలిని పెట్టి. తెలంగాణ యాస ఆమెది. నాన్న మాట ఆమెకీ, ఆమె మాట నాన్నకీ ఒక్కోచోట అందక నేను మధ్యలో చెప్పబోతే, మీరు సాక్షి, మాట్లాడకండి అన్నాడు. నాన్న జరిగింది జరిగినట్టు చెప్పారు. చివర్లో ఇంకేమైనా చెప్పాలా అంటే, "ఆ బాబు ఉద్యోగం తియ్యొద్దని చెప్పమ్మా" అన్నారు. ఆ మాట అనువదించిందో లేదో నాకు సరిగా వినబడలేదు. నాకు మాత్రం నాన్న మీద కోపం వచ్చింది.

జవాబు ఉత్తరం రెండు పేరాలు. మొదటిదాంట్లో, మీరు చెప్పింది జరిగింది, అయితే అది నిబంధనల ప్రకారమే జరిగింది కాబట్టి ఆఫీసర్ తప్పు లేదని. రెండోదాంట్లో, భాషా సహాయం లైన్ వాడకంపై సిబ్బందికి మళ్ళీ గుర్తుచేస్తామని. తలుపు కొట్టడం గురించి ఒక్క ముక్క లేదు. అప్పీల్‌కి చోటు లేదు. ఆ ఉత్తరంలోనే, ఆ రోజు ఎవరినీ అరెస్ట్ చేయలేదని కూడా ఒక వాక్యం ఉంది. నాన్న వీసా రెన్యువల్‌కి అరెస్ట్ ప్రశ్నకి "కాదు" అని రాసి, అడిగితే చూపించడానికి ఆ ఉత్తరం కాపీ పెట్టుకుని వెళ్ళారు. అడగలేదు.

సివిల్ రైట్స్ కేసులు చూసే ఒక లాయర్ని కలిశాం. ఆయన వీడియో చూసి, గేటు దగ్గర చేతిలో ఇనుప పనిముట్టుతో ఉన్న మనిషి, పైగా అలాంటి కాల్, కాసేపు ఆపడానికి కోర్టులు దీన్ని చాలు అంటాయి అన్నాడు. ఇంట్లోకి వారెంటు లేకుండా రాకూడదని సుప్రీంకోర్టు 1980 నుంచీ చెబుతూనే ఉంది, ఇంటి చుట్టూ ఉన్న జాగాకీ ఆ రక్షణ ఉందని 2018లోనూ చెప్పింది. అయితే నాన్న నిలబడింది వీధిలోకి కనబడే చోట. గుమ్మం దాటి హాల్లోకి ఒక ఆఫీసర్ వచ్చిన సంగతి మాత్రం లాయర్ని ఆలోచింపజేసింది. అమ్మ రమ్మందా, తనే వచ్చాడా? వీడియోలో అమ్మ "రండి రండి" అన్నట్టు చెయ్యి ఊపింది. అది రమ్మనడమా, తొందరగా రండి మా ఆయన్ని వదలండి అనడమా, అమ్మనే అడిగాను. "ఏమో, ఇంటికొచ్చినవాళ్ళని రావద్దంటామా" అంది.

దావా వెయ్యాలంటే టెక్సాస్‌లో రెండేళ్ళ గడువు. ఇంకా ఉంది. మా ఆయన వద్దంటారు. నాన్న "నీ ఇష్టం తల్లీ, నాకైతే కోర్టుల్లో పని లేదు" అంటారు. వీడియోలు రెండు చోట్ల కాపీ చేసి పెట్టాను. నాన్నకి ఒక కార్డు చేసి పంపాను, మళ్ళీ వచ్చినప్పుడు జేబులో ఉంచుకోమని: నేను తెలుగు మాట్లాడతాను, ఇది మా అమ్మాయి ఇల్లు, దయచేసి బెల్ కొట్టండి అని ఇంగ్లిష్‌లో, కింద నా ఫోన్ నంబర్. మా వీధి మీటింగ్‌లో కూడా ఒకసారి లేచి మాట్లాడాను. ఎవరైనా అనుమానంగా కనిపిస్తే రంగు చెప్పే ముందు ఏం చేస్తున్నాడో చెప్పండి, కనబడనిది కనబడలేదనే చెప్పండి, కుదిరితే ముందు ఆ ఇంటివాళ్ళకే ఒక మెసేజ్ పెట్టండి అన్నాను. మన అక్కలు నలుగురూ ముందు వరసలోనే కూర్చున్నారు. అందరూ తలూపారు.